గుండు, గోదా, గ్రౌండు

లేపాక్షికి వచ్చినవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి, ఫొటో దిగి, పెద్ద నంది దగ్గరికి వెళ్లిపోతారు. నేను, మా మేనకోడలు మాత్రం నాట్యమండపంలో తలలు పైకెత్తి ఒక బొమ్మ కోసం వెతుకుతూ నిలబడ్డాం. అది కిరాతార్జునీయం. రంగులు చాలాచోట్ల రాలిపోయినా నల్లటి అడవిపంది ఇంకా స్పష్టంగానే ఉంది. దానికోసమే కదా గొడవంతా. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడు, తపస్సులో ఉన్న అర్జునుడు ఒకేసారి బాణం వేస్తారు. వేట నాదంటే నాదని మొదట విల్లులతో, అవి చాలక ఒట్టి చేతులతో కలబడతారు. ఆ కుస్తీలో ఓడిన అర్జునుడికే శివుడు పాశుపతం ఇస్తాడు. ఓడినవాడి పట్టుదల చూసి మెచ్చి వరమిచ్చిన ఈ కథంటే నాకు ప్రాణం.

మా మేనకోడలు కడపలో వాళ్ల స్కూల్ తరఫున సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. కాసేపు చూసి, "అత్తా, ఆడోళ్లు కుస్తీ పట్టే బొమ్మ లేదా?" అని అడిగింది. నేను అక్కడ వెంటనే జవాబు చెప్పలేదు, పెనుకొండలో చెప్తానన్నాను. నా చిన్నప్పుడు మా బడిలో ఎనిమిదో తరగతి దాటితే ఆడపిల్లలకు గేమ్స్ పీరియడ్ అంటే క్లాసులో కూర్చుని నోట్సు రాసుకోవడమే. కిటికీలోంచి మగపిల్లల కబడ్డీ కూత వినబడేది. అందుకే ఈ పిల్లకు జవాబు సరిగ్గా చెప్పాలనిపించింది.

పెనుకొండ కోట ఎర్రమంచి ద్వారం దగ్గర నిలువెత్తుకు రెండింతలున్న ఆంజనేయస్వామి ఉన్నాడు. విజయనగర రాజుల కాలంనాటి మధ్వ గురువు వ్యాసరాయలు 732 చోట్ల ఆంజనేయుణ్ణి ప్రతిష్ఠించాడని మా సీమలో చెప్పుకుంటారు. గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి స్వామి కూడా ఆయన ప్రతిష్ఠేనంటారు. సాము నేర్చేవాడు ముందు ఆంజనేయుడికి దండం పెట్టి గరిడీలో, అంటే సాము నేర్పే చోట, అడుగు పెట్టాలి. కోట ద్వారానికీ, కుస్తీ గోదాకూ కాపలా ఒకే దేవుడు.

విజయనగర రాజుల పాత భవనం గగన్ మహల్ మెట్ల మీద కూర్చుని మేనకోడలికి విజయనగర సామ్రాజ్యం సంగతులు చెప్పాను. సుమారు 1520లో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ శ్రీకృష్ణదేవరాయల పొద్దుటి కసరత్తును కళ్లకు కట్టినట్టు రాశాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతులతో ఎత్తేవాడు. ఆ తర్వాత తాగిన నూనంతా చెమటై కారిపోయేదాకా కత్తిసాము. ఆపైన ఒక మల్లుడితో కుస్తీ, అదీ అయ్యాక గుర్రమెక్కి మైదానంలో స్వారీ. తెల్లవారేసరికి ఇదంతా అయిపోయేదట. సామ్రాజ్యాన్ని ఏలే మనిషి రోజూ అంత శ్రమపడ్డాడంటే ఒళ్లు జలదరిస్తుంది.

పేస్ తర్వాత పదిహేనేళ్లకు, అచ్యుతరాయల కాలంలో, న్యూనిజ్ అనే మరో పోర్చుగీసువాడు రాజుగారి దగ్గరుండే స్త్రీల గురించి రాశాడు. వాళ్లలో జ్యోతిషం చెప్పేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు ఉన్నారు. కుస్తీ పట్టేవాళ్లూ ఉన్నారు! మేము పొద్దున చూసిన లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కూడా ఆ అచ్యుతరాయల కొలువులోని వాడే. అంటే ఆ పైకప్పు మీద శివార్జునుల కుస్తీకి రంగులు వేస్తున్న రోజుల్లోనే విజయనగరంలో ఆడవాళ్లు నిజంగా కుస్తీ పట్టారన్నమాట. "మరి బొమ్మెందుకు వెయ్యలేదు?" అంది మేనకోడలు. ఆ మల్లయోధుల పేర్లు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్లు కుస్తీ పట్టింది అంతఃపురం గోడల లోపల, రాజు కళ్ల ముందు. ఊళ్లోని ఆడపిల్లకు ఆ గోదా అందలేదు. అదే నాకు బాధ.

పెనుకొండ దాటి అనంతపురం వైపు వస్తూ, హైవే దిగి ఒక చిన్న ఊళ్లో టీకి ఆగాం. రచ్చకట్ట పక్కనే ఆంజనేయస్వామి గుడి, గుడి ముందు మట్టిలో సగం కూరుకుపోయిన నల్లరాతి గుండు. చెయ్యి పెట్టి చూశాను. పైభాగం చేతుల రాపిడికి నున్నగా తేలింది, పట్టుకోవడానికి ఎక్కడా అంచు లేదు. కట్ట మీద కూర్చున్న పెద్దాయన లేచొచ్చి ఎత్తే పద్ధతి చెప్పారు. ముందు కాళ్ల మధ్యకు దొర్లించుకోవాలి, గొంతుకూర్చుని తొడల మీదికి తెచ్చుకోవాలి. అక్కడ ఊపిరి బిగబట్టి పొట్టకు, పొట్ట నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి భుజానికి. భుజానికి చేరాక వీపు వెనక్కి వదిలేయాలి. అది నేల తాకిన చప్పుడుకు ఊరంతా ఈల వేసేదట.

"ఉగాదికి ఎత్తేటోళ్లమ్మా. ఇప్పుడెవరెత్తుతారు, పిల్లోళ్లంతా బెంగళూరు పాయిరి."

"ఆడవాళ్లు ఎప్పుడైనా ఎత్తారా పెద్దాయనా?"

"ఆడోళ్లు తాకనే గూడదనేటోళ్లు." కాస్త ఆగి, "అయితే ఒగ మాట. ఆ శ్రీకాకుళం పాప టీవీలో ఎత్తె గదా, ఆ పొద్దు ఈడ్నే కూసోని చూసినాం" అన్నారు.

ఆ పాప కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, ఒకే ఊపున తలపైకెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాలకు తెచ్చుకుని ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. గ్రీసులో క్రీస్తుపూర్వం 776 నుంచి లెక్కపెట్టే పాత ఒలింపిక్స్‌లో పెళ్లయిన ఆడది పోటీ చూడ్డానికి కూడా వీల్లేదు. 1896లో ఏథెన్స్‌లో మళ్లీ మొదలుపెట్టినప్పుడూ ఒక్క ఆడమనిషిని ఆడనివ్వలేదు, 1900 పారిస్‌లో గానీ తలుపు తెరుచుకోలేదు. గుండును తాకకూడదన్న మాట మా సీమలోనే పుట్టింది కాదు.

బళ్లలో ఆటలకు ఒక పీరియడ్ రావడం ఇంగ్లీషువాళ్ల కాలం ముచ్చట. 1920లో హెచ్.సి. బక్ అనే అమెరికన్ మద్రాసులో వ్యాయామ మాస్టార్లను తయారుచేసే వైఎంసీఏ కళాశాల పెట్టాడు. అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. డ్రిల్లు మాస్టారు, విజిల్, వరసలో నిలబడటం, ఇవన్నీ ఆ తరంలో ఊళ్లకు చేరినవే. మేలే జరిగింది గానీ, గరిడీలు అప్పటి నుంచే వెనకబడ్డాయని నేననుకుంటాను.

సాయంత్రానికి అనంతపురం స్పోర్ట్స్ విలేజ్ చేరాం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అనే సేవాసంస్థదే ఈ ఆవరణ. టెన్నిస్ బడి రఫేల్ నాదల్ ఫౌండేషన్ సాయంతో నడుస్తోంది, 2010లో ఆయనే వచ్చి ప్రారంభించారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఇక్కడ జరిగాయి. నాకు వాటికంటే గ్రౌండులో ఉన్న పిల్లలే ముఖ్యం. మోకాళ్లకు మట్టి, జడలు పైకి ముడేసుకుని, గొంతు చించుకుని "నాది, నాది" అని క్యాచ్ కోసం అరుస్తున్నారు.

ఇక్కడ ఆట నేర్చిన బారెడ్డి అనూష 2023లో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. వాళ్లది నార్పల మండలం బండ్లపల్లి. 2006లో ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా ఆ ఊళ్లోనే. ఆదోని నుంచి అంజలి శర్వాణి, మా కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు నుంచి శ్రీచరణి. ముగ్గురిదీ ఎడమచేతి బౌలింగే. శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. ఆ ఫైనల్ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు.

గట్టు మీద ఒక తల్లి కూతురి చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంది. మాటలు కలిపాను. "ఎండలో ఎగిరితే నల్లబడుతుంది, పెండ్లెట్లయితుందని మా అత్త ఒగటే గొణుగుతా ఉండె. ఇప్పుడు అనూష పేరు చెప్తే కిక్కురుమనదు" అంది. ఆమె టెన్షనల్లా ఊరికి పోయే ఆఖరి బస్సు గురించే. ప్రాక్టీసు కాస్త ఆలస్యమైతే బస్సు దాటిపోతుంది, ఆటోకు డబ్బులు చాలవు. గ్రౌండు చుట్టూ వెలుగు బాగానే ఉంది, ఊరి దారిలోనే లేదు.

నేను ఆమెతో మాట్లాడుతుండగానే మేనకోడలు కోచ్ దగ్గరికి పోయి సెలక్షన్లు ఎలా జరుగుతాయో అడిగేసింది. పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోమని, ఆ వయసు గ్రూపుకు తేదీలు వచ్చాక ఫోన్ చేస్తామని ఆయన చెప్పారు. మా అన్న నంబరు ఇవ్వబోయి ఆగి, నా నంబరు ఇచ్చింది. "నాన్నయితే పరీక్షలున్నాయంటాడత్తా" అంది.