రిపాజిటరీ జాబితాలు కాష్ కిందికి వస్తాయా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న శిక్షణ కేంద్రం కంప్యూటర్ల బాగోగులు చూసే మిత్రుడొకరు, డిస్కు నిండినప్పుడు /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్‌ను ఖాళీ చేయవచ్చా అని అడిగారు. డెబియన్ వంటి లినక్స్‌లలో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను స్థాపించే ఆప్ట్ అనే సాధనం, రిపాజిటరీలో (ప్యాకేజీల భాండాగారంలో) ఏమేమి ఉన్నాయో తెలిపే జాబితాలను దాచుకునే చోటు అది. నెట్ నుంచి దింపుకున్న జాబితాలే కదా, /వార్/కాష్‌లో ఉండవలసినవి అక్కడెందుకున్నాయన్నది ఆయన సందేహం.

లినక్స్‌లో ఏ ఫైళ్ళు ఎక్కడుండాలో చెప్పే, 2015లో వెలువడిన ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ 3.0 ప్రకారం, ఎప్పుడు తొలగించినా నష్టం లేకుండా మళ్ళీ తెచ్చుకోగలిగిన వాటికి /వార్/కాష్, ప్రోగ్రాము తన స్థితిగా గుర్తుపెట్టుకోవలసిన వాటికి /వార్/లిబ్. దింపిన డెబ్ ఫైళ్ళు, అంటే ప్యాకేజీలు, మొదటి కోవలోవి కాబట్టి /వార్/కాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో ఉంటాయి. జాబితాల సంగతి వేరు: వాటిని తుడిచి మళ్ళీ దింపితే వచ్చేది నేటి జాబితాయే తప్ప నిన్నటిది కాదు.

నిన్నటిది ఎందుకంటే, జాబితాలతో పాటే అక్కడ ఉండే రిలీజ్ ఫైలులో రిపాజిటరీ వివరాలుంటాయి; ఆప్ట్ కొత్త రిలీజ్ ఫైలును పాతదానితో పోల్చి చూస్తుంది. 2021 ఆగస్టులో డెబియన్ కొత్త వెర్షన్ బుల్స్‌ఐ విడుదలైనప్పుడు, దాని ముందరి వెర్షన్ బస్టర్ నడుస్తూ ఆప్ట్‌ను తాజా చేసుకోని యంత్రాల మీద, జాబితాలను తాజా చేసే ఆప్ట్‌-గెట్ అప్‌డేట్ కొడితే, రిపాజిటరీ 'సూట్' (ఏ స్థాయి విడుదలో చెప్పే పేరు) విలువ 'స్టేబుల్' నుంచి 'ఓల్డ్‌స్టేబుల్'కు మారిందనీ, దాన్ని స్పష్టంగా అంగీకరించాలనీ చెప్పి ఆగిపోయేది. పాత ఫైలు లేకపోతే ఆ హెచ్చరికే ఉండదు. పైగా, వానకు నెట్ పోయిన పూట జాబితాలు కూడా లేకపోతే, కావలసిన డెబ్ ఫైలు ఆర్కైవ్స్‌లో ఉన్నా పేరుతో అడిగితే ఆప్ట్ ఆ ప్యాకేజీని గుర్తించలేదు.

ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఆప్ట్ పని చేసే డీఎన్ఎఫ్ తన మెటాడేటాను, అంటే ఇలాంటి జాబితాలనే, /వార్/కాష్ కిందే ఉంచుతుంది, అదీ సబబే. గడువు తీరగానే అది తనంతట తానే కొత్తది దింపుకుంటుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ అలా చేయదు. అప్‌డేట్ అన్నది వేరే ఆదేశం, దాన్ని టైమర్‌కు అప్పగించినా సరే. ఆర్చ్ లినక్స్‌లో అదే పని చేసే ప్యాక్‌మ్యాన్ కూడా చెప్పనిదే తాజా జాబితా తేదు, దాన్ని /వార్/లిబ్/ప్యాక్‌మ్యాన్/సింక్‌లోనే దాస్తుంది. ఎప్పటి జాబితాతో పని చేయాలో నిర్ణయించేది యంత్రం నడిపే మనిషి అయినప్పుడు, ఆ జాబితాను స్థితిగానే చూడాలని నా దృఢమైన అభిప్రాయం.

డిస్కు ఖాళీ కావాలంటే ముందు, దింపిన డెబ్ ఫైళ్ళను తీసేసే ఆప్ట్ క్లీన్ ఆదేశం చాలు, అది జాబితాల జోలికి పోదు. అదీ చాలకపోతే కొత్త ఆప్ట్ వెర్షన్లలో డిస్ట్‌క్లీన్ అనే ఆదేశం ఉంది: అది జాబితాలను తీసేసినా, సంతకాలున్న రిలీజ్ ఫైళ్ళను భద్రత కోసం అలాగే ఉంచుతుంది.