రెండు వెక్టర్ల గొడవ

కోనసీమ దొడ్లలో పడేసిన కొబ్బరి చిప్పలో వాన నీళ్లు నిలిస్తే పది రోజులు చాలు, డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమ లేచిపోతుంది. మలేరియా సిబ్బంది భాషలో ఆ దోమే వెక్టర్. టీకాలు చేసేవాళ్లు మాత్రం జబ్బు వైరస్ జన్యువును మోసుకెళ్లే మరో వైరస్‌ను వెక్టర్ అంటారు. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్ల సగం గందరగోళం.

కరోనాకు వేసిన కోవిషీల్డ్‌లో ఉన్నది రెండో రకం: చింపాంజీ అడెనోవైరస్, డోసుకు 5 వేల కోట్ల వైరస్ రేణువులు. అది పెరగడానికి కావలసిన ఈ1 (E1) అనే జన్యువును తీసేస్తారు, కాబట్టి ఒంట్లో పిల్లలు పెట్టదు. ఫ్యాక్టరీలో ఆ లోటు పూడ్చే కణాల్లోనే పెంచుతారు. మనుషులది కాకుండా చింపాంజీది ఎందుకంటే, మనకు జలుబు తెచ్చే అడెనోవైరస్‌ల మీద చాలామందిలో ముందే యాంటీబాడీలుంటాయి. అవి మోసేవాణ్ని గుమ్మంలోనే పట్టేసుకుంటే సరుకు లోపలికి చేరదు. రెండో డోసుకూ ఇదే తంటా.

ఇదే వాహకంతో (వెక్టర్‌తో) ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చికున్‌గున్యా టీకా చేశారు. తొలి దశ పరీక్షల్లో ఒక్క డోసుకే యాంటీబాడీలు వచ్చాయి. చికున్‌గున్యాకు సీరోటైప్ (యాంటీబాడీలు వేరువేరుగా గుర్తించే వైరస్ రకం) ఒక్కటే, అందుకే పని సులువు. డెంగీకి నాలుగు. ఒకదానికి బలంగా, మిగతావాటికి అరకొరగా యాంటీబాడీలు పుడితే, ఆ అరకొరవి వైరస్‌ను చంపకుండా అతుక్కుని, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల్లోకి తామే తీసుకెళ్తాయి. జబ్బు ముదురుతుంది. ఎల్లో ఫీవర్ టీకా వైరస్ మీద డెంగీ పైతొడుగు తొడిగిన డెంగ్‌వాక్సియా అనే డెంగీ టీకాతో 2017లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన రభసకు మూలం ఇదే: అంతకుముందు డెంగీ రాని పిల్లలకు ముప్పు పెరిగిందని దాన్ని చేసిన కంపెనీయే చెప్పింది. ఆ తర్వాత వేసేముందు పాత డెంగీ ఉందో లేదో రక్తపరీక్ష చూడమన్నారు. మన దేశంలో 2024లో మూడో దశ పరీక్షలు మొదలైన డెంగీఆల్ అనే టీకా వెక్టర్ రకం కాదు, బలహీనపరిచిన నాలుగు డెంగీ వైరస్‌ల కలయిక. డెంగీకి ఆ దారే మేలని నా లెక్క. అడెనో వాహకం చికున్‌గున్యాకు బాగా కుదురుతుంది.

పంటు పడవలో నది దాటి వెళ్లే లంక ఊళ్లకు ఒక్క డోసు టీకా వరమే, చల్లదనం తప్పకపోతే. అడెనో టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికంటే గడ్డకట్టడమే దొంగదెబ్బ. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను నేరుగా క్యారియర్‌లో (టీకాలు మోసే చల్లని పెట్టెలో) పెట్టకూడదు. బయట ఉంచి, పైన చెమట పట్టాక చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తేనే నాలుగు ప్యాకులూ సర్ది, మధ్యలో సీసాలు పెట్టాలి. ఒకసారి గడ్డకట్టిన సీసాను కరిగించి వాడరు, పక్కన పడేయాల్సిందే.