హద్దులు మారేటప్పుడు పంచాయతీ దగ్గర ఉండాల్సిన కాగితాలు

జిల్లా చీలుస్తారన్నా, మండలం మారుస్తారన్నా, పక్క టౌనులో కలుపుతారన్నా మన పల్లెల్లో మొదట జరిగేది ఒకటే. హడావుడిగా మీటింగు పెట్టి, ‘ఏకగ్రీవంగా వ్యతిరేకిస్తున్నాము’ అని రెండు ముక్కలు రాసి, కలెక్టరేట్‌లో ఇచ్చి వస్తారు. మరుసటి రోజు పేపర్లో ఫొటో పడుతుంది. తీర్మానం మాత్రం ఫైల్లో నిద్రపోతుంది. తప్పంతా అధికారులదే అనడానికీ లేదు. ఆ కాగితంలో వాళ్లు లెక్కలోకి తీసుకోవడానికి అసలేమీ ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల హద్దులు మారేది 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు. అభ్యంతరాలకు 30 రోజులు గడువుంటుంది. ఆ తర్వాతే తుది గెజిట్. 2022లో జరిగింది ఇదే. జనవరి ఆఖర్లో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది, ఏప్రిల్ 4 నుంచి 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి విడిపోయాయి. కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు మండలాలు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. పంచాయతీ ఒప్పుకుంటేనే మార్చాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మన తీర్మానానికి అడ్డుకునే బలం లేదు, అది ఒక అభ్యంతరం మాత్రమే. కాబట్టి దాని బరువంతా అందులో ఏం రాశామన్నదాని మీదే ఉంటుంది.

పార్లమెంటు నియోజకవర్గమే జిల్లా అని అప్పట్లో అందరూ అనుకున్నారు. తుది గెజిట్‌లో చూస్తే పాణ్యం అసెంబ్లీ నియోజకవర్గంలోనే పాణ్యం, గడివేముల మండలాలు నంద్యాలకు, కల్లూరు, ఓర్వకల్లు కర్నూలుకు పోయాయి. రాప్తాడులోనూ అంతే. రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి సత్యసాయి జిల్లాలో చేరితే, రాప్తాడు, ఆత్మకూరు, అనంతపురం రూరల్ పాత జిల్లాలోనే ఉండిపోయాయి. అంటే గీత కదిలింది మండలం లెక్కన. ఒక్క ఊరు ఒంటరిగా రాసే అభ్యంతరం కంటే, మండలంలోని పంచాయతీలన్నీ కూడబలుక్కుని ఎవరి అంకెలు వాళ్లు వేసి ఇచ్చే అభ్యంతరాలకే విలువ ఎక్కువ.

ఇంతకీ ఏం రాయాలి? మనోభావాలు ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా కొలతలు కావాలి. ఊరి బస్టాపు నుంచి ఇప్పటి కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లు, కొత్తదానికి ఎన్ని. ఎన్ని బస్సులు మారాలి, తిరుగు ప్రయాణంలో చివరి బస్సు ఎన్నింటికి. ఆర్డీవో ఆఫీసు, రిజిస్ట్రార్ ఆఫీసు, పెద్దాసుపత్రి ఎక్కడికి మారతాయి. మన చెరువుకో కాలువకో నీళ్లు వదిలే ఇంజనీరు ఏ జిల్లాలో కూర్చుంటాడు. ‘ప్రతిపాదిత కేంద్రానికి పోవాలంటే రెండు బస్సులు మారాలి, సాయంత్రం ఆరు దాటితే తిరిగి వచ్చే బస్సు లేదు, పింఛను అప్పీలుకు పోయిన ముసలివాళ్లు రాత్రికి అక్కడే ఉండాలి’ అన్న వాక్యం పది నినాదాల పెట్టు. దానికి డిపో నుంచి తెచ్చిన బస్సుల టైంటేబులు, గ్రామ పటం నకలు జతచేయాలి.

తీర్మానాలు వీగిపోయేది ఎక్కువగా రూపంలోనే. సభ్యులకు ముందుగా నోటీసు ఇచ్చినట్టు సంతకాలు ఉండవు. కోరం, అంటే కనీస హాజరు, లేకుండానే రాసేస్తారు. ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు పెట్టించుకుంటారు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది నిలబడదు. గ్రామసభనూ పంచాయతీ సమావేశాన్నీ ఒకటిగా కలిపేస్తారు. గ్రామసభంటే ఓటర్లందరూ, పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు సభ్యులు. హద్దుల విషయంలో రెండు చోట్లా విడివిడిగా తీర్మానం చేసి, విడివిడిగా నంబర్లు వేయడం మంచిది. ఇచ్చేటప్పుడు కలెక్టరేట్‌లో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో నకలు మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోవాలి. అది లేకపోతే 30 రోజుల్లోపే ఇచ్చామని రుజువు చేసుకోలేం.

సరే, గీత కదిలిపోయింది. కలెక్టరు మారతాడు, డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) మారతాడు. జడ్పీ (జిల్లా పరిషత్) మాత్రం మారలేదు. 2021లో గెలిచిన 13 ఉమ్మడి జిల్లాల జడ్పీలనే కొనసాగించారు. అందుకే సత్యసాయి జిల్లా కేంద్రమైన పుట్టపర్తి పక్క జడ్పీటీసీ (జడ్పీ సభ్యుడు) మీటింగుకు అనంతపురం పోవాల్సి వచ్చింది. రోడ్డుకో నీటి పథకానికో జడ్పీ నిధులు అడిగే అర్జీని కొత్త కలెక్టరేట్‌లో ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసిన ఊళ్లున్నాయి. అర్జీ పోవాల్సింది పాత జిల్లా కేంద్రానికి. అనంతపురంలో పెద్ద తాగునీటి పథకాల సంగతైతే చెప్పనక్కర్లేదు, జిల్లా రెండైనా పైపు రెండు కాలేదు.

డబ్బు దగ్గరికొస్తే, 2026 మార్చి దాకా నడిచిన కేంద్ర 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి చెరి సగం కట్టేసి ఉండేది, 40 శాతమే మన ఇష్టం. పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో ప్రణాళిక ఎక్కించాలి, చెల్లింపుకు సర్పంచ్, సెక్రటరీ ఇద్దరి డిజిటల్ సంతకాలు పడాలి. జిల్లా చీలినప్పుడు ఉద్యోగుల సర్దుబాటు జరుగుతుంది, సెక్రటరీ బదిలీ అవుతాడు, కొత్తాయన సంతకం నమోదై ఆమోదం వచ్చేదాకా ఒక్క బిల్లూ కదలదు. వేసవిలో మోటారు కాలిపోయి, రిపేరు చేసినవాడు డబ్బుకోసం తిరుగుతుంటే తెలుస్తుంది దాని బాధ. చార్జి అప్పగింత రోజే కొత్త సంతకానికి దరఖాస్తు పెట్టించాలి.

మజరానో (పెద్ద ఊరికి అనుబంధంగా ఉన్న చిన్న పల్లె) తండానో విడదీసి కొత్త పంచాయతీ చేసేటప్పుడు గొడవ ఇంకోలా ఉంటుంది. జనాభా లెక్కలు తీసేది రెవెన్యూ గ్రామం ప్రకారం, మజరా ప్రకారం కాదు. అందుకని గ్రాంటులో మజరా వాటా ఎంతో తేల్చడానికి నేరుగా అంకె దొరకదు. ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు, ఓటర్ల జాబితా కలిపి ఇళ్ల లెక్క తేల్చి, రెండు పక్షాలూ సంతకం పెట్టాలి. తర్వాత ఆస్తులు: బోర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు, శ్మశానం, చెరువు చేపల వేలం, చింతచెట్ల వేలం. అందరూ మరిచేది కరెంటు. వీధిలైట్లు, మోటార్ల సర్వీసు నంబర్లన్నీ తల్లి పంచాయతీ పేరు మీదే ఉండిపోతాయి. మజరా వెలుగుతుంది, బకాయి తల్లి పంచాయతీకి పెరుగుతుంది. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు మళ్లించారని 2021లో రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి గుర్తుంటే, ఒక్కో సర్వీసు నంబరు ఏ పంచాయతీదో ముందే రాసిపెట్టుకోవడం ఎందుకో అర్థమవుతుంది.

టౌనులో కలపడం దగ్గర నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. రుద్రంపేట, నారాయణపురం లాగా అనంతపురం నగరానికి అంటుకుపోయిన ఊళ్లకూ, ఇంకా వేరుశెనగ పండించుకునే ఊళ్లకూ ఒకే సమాధానం ఉండదు. మొదటివాటికి మురుగు కాలువలు, చెత్త లారీలు కావాలి. రెండోవాటికి ఉపాధి హామీ పని పోతుంది, అది గ్రామీణ ప్రాంతానికే. గ్రామీణ గ్రాంటు ఆగుతుంది. సర్పంచ్ పోయి ఒక వార్డు మిగులుతుంది. పన్ను మున్సిపల్ లెక్కలోకి వస్తుంది. 2021 నుంచి మున్సిపాలిటీల్లో ఆస్తిపన్ను ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, పెంపు 15 శాతం దాటకుండా పరిమితి ఉన్నా భూమి విలువతో పాటే కదులుతుంది. గ్రామసభలో చెప్పాల్సింది ఇది, ఊళ్లో పది ఇళ్ల పాత పన్ను రశీదులు పక్కన పెట్టుకుని మరీ. ప్లాట్లు వేసేవాళ్లకు విలీనం తొందరెక్కువ, వాళ్ల మాట సభలో గట్టిగా వినిపిస్తుంది.

ఇక తేదీలు. 2021 ఏప్రిల్ 3న ప్రమాణం చేసిన పంచాయతీల అయిదేళ్లు 2026 ఏప్రిల్ 2తో సరి. జనగణన కోసం 2026 జనవరి 1 నుంచి 2027 మార్చి 31 దాకా ఊళ్ల హద్దులు కదపకూడదని కేంద్రం చెప్పింది, ఆ మధ్యలో ‘వచ్చే నెల మీ మండలం మారుస్తాం’ అని ఎవరైనా మాటిస్తే గెజిట్ చూపించమనండి. వార్డుల విభజన జరుగుతోందని ఎన్నికలు వాయిదా వేయకూడదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2018 ఆగస్టు నుంచి 2021 దాకా మన పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచాయి. ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు ఆర్థిక సంఘం డబ్బు ఆగుతుంది.

దిగిపోయే సర్పంచ్ డిజిటల్ సంతకం డాంగిల్ ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. తీర్మానాల పుస్తకం, ఆస్తుల రిజిస్టరు, డిమాండ్ రిజిస్టరు, సర్వీసు నంబర్ల జాబితా, వేలం ఒప్పందాలు పేజీల సంఖ్యతో సహా రాసి, ప్రత్యేకాధికారి సంతకంతో అప్పగించాలి. ఒక జత నకళ్లు గ్రామ సచివాలయం బీరువాలో కాకుండా ఊళ్లో వార్డు సభ్యుల దగ్గరే ఉంచుకోవాలి.