కొబ్బరి చెట్ల మధ్య చిన్న టిల్లరు: ఆదివారాల చిట్టా

ఏప్రిల్ 27

కోనసీమలో అంబాజీపేట దగ్గర మా వాటాకి వచ్చిన తోటలో, ఇంటి వెనకాల పన్నెండు సెంట్లు రెండేళ్లుగా తుంగా గరికా పట్టి పడి ఉంది. తొమ్మిది కొబ్బరి చెట్లు. మధ్యలో ఈ ఏడు కంద పెట్టాలని నా సరదా. ట్రాక్టరు లోపల తిరగదు, పలుగు పట్టే మనిషి దొరకడు. అందుకని వెనకాల నడుస్తూ దున్నుకునే 7 హెచ్‌పీ పెట్రోలు టిల్లరు కొన్నాను.

కొట్టువాళ్లు బిగించే పంపారు గానీ ఇంజన్లో ఆయిలు చుక్క లేదు. తాడు లాగేముందు డిప్‌స్టిక్ తీసి చూడబట్టి బతికిపోయింది. ఇంజనుకి 10డబ్ల్యు-30, గేరుబాక్సుకి వేరే గేరాయిలు. ఇది ఫోర్‌స్ట్రోకు కాబట్టి మందు కొట్టే స్ప్రేయర్లో లాగా పెట్రోల్లో ఆయిలు కలపకూడదు. పక్కతోట కుర్రాడు అప్పటికే పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలు సీసా పట్టుకొచ్చి నిలబడ్డాడు.

స్టార్టయింది. ఇక చూడండి, కట్టుతాడు తెంపుకున్న కోడెదూడలా ముందుకి గెంతడమే తప్ప మట్టిలో దిగదు. గంటసేపు నేలని తిట్టాను. నేల గట్టిదే, కాలువలు కట్టేశాక మా రేగడ నెర్రెలిచ్చి మంచం పట్టెలా ఉంటుంది. కానీ అసలు తప్పు వేరే. కత్తులకి పదును ఉన్న అంచు వెనక్కి తిరిగి ఉంది. కుడిపక్క సెట్టు ఎడమకీ, ఎడమది కుడికీ బిగించారు. బండి ముందుకి పోతున్నప్పుడు పదునంచే ముందుగా మట్టిని తాకాలి. రెండు పిన్నులు తీసి మార్చుకుంటే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకి ముందు గంట చాకిరీ నా ఖాతాలో.

మే 4

నేల మెత్తబడాలని శుక్రవారం సాయంత్రం బోరు మోటారు వేసి తడిపేశాను. ఆదివారం పొద్దున్న దించితే నాలుగు గజాలు పోయేసరికి కత్తులు కనపడలేదు, రెండు పక్కలా రెండు మట్టిబంతులు తిరుగుతున్నాయి. అయినా మొండిగా రెండు సాళ్లు కొట్టాను. మా బాబాయి గట్టుమీద కూర్చుని, "ఇటుకలు కోస్తున్నావేట్రా?" అన్నాడు.

ఆయన మాటే నిజమైంది. వారం తిరిగేసరికి ఆ రెండు సాళ్లూ కొబ్బరికాయంత పెళ్లలు. గునపం పోటుకి కూడా పగల్లేదు.

మే 11

దున్నలేదు. బాబాయి దగ్గర పదును, అంటే దున్నడానికి సరిపడా తడి, చూడటం నేర్చుకున్నాను. ఇదొక్కటి వస్తే మిగతాది బండి చూసుకుంటుంది.

పైమట్టి చూస్తే లాభం లేదట. జానెడు లోతు తవ్వి, అడుగు మట్టి గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కాలి. బొటనవేలితో తోస్తే రిబ్బనులా సాగిందా, ఇంకా పచ్చి. అసలు ముద్దే కట్టలేదా, ఎండిపోయింది. ముద్ద కట్టి, నడుం ఎత్తు నుంచి వదిలితే నేలమీద పొడిపొడిగా విచ్చుకోవాలి. అదీ పదును. గోదావరి లంకల్లో ఇసుక కలిసిన మట్టికి తడిపిన మర్నాడో మూడోనాడో వస్తుంది. మా రేగడకి ఈ ఎండల్లో కూడా నాలుగైదు రోజులు కావాలి. నాకు ఖాళీ ఆదివారమే కాబట్టి మంగళవారం నీళ్లు పెట్టాలన్నమాట. నీళ్లు బాబాయి పెడతానన్నాడు.

ఖాళీగా ఉండటం ఎందుకని తోటంతా తిరిగి ఏరాను: డొక్కలు, ఎండుకమ్మలు, ఒక నైలాను తాడు, పాత డ్రిప్పు గొట్టం, మోటారు వైరు భూమిలో ఎటు పోతోందో గుర్తుగా నాలుగు కర్రలు. కమ్మల కుప్ప కదిపేముందు దూరం నుంచి కర్రతో తట్టాను. మా ఊళ్లో రక్తపింజరి కొత్తేమీ కాదు.

మే 18

పిడికిట్లో ముద్ద విచ్చుకుంది. ఉదయం ఆరింటికే దిగాను, తొమ్మిదిన్నరకి వేసవి ముందు మనిషి ఓడిపోతాడు.

చెట్టు మొదలు నుంచి ఆరడుగులు వదిలేశాను. కొబ్బరికి ఎక్కువ వేళ్లు ఆ పాదులోనే ఉంటాయి, అక్కడ పారతో పైపైన గీకడమే. చెట్టుకీ చెట్టుకీ పాతిక అడుగులు కనుక మధ్యలో పదమూడు అడుగుల పట్టీ మిగులుతుంది, బండికి చాలు.

లోతు పట్టేది కత్తులు కాదు, వెనకాల నేలలో దిగి బండిని నిలబట్టే ముల్లు. అది కిందికి దించితే బండి నెమ్మదిస్తుంది, అదే చోట తవ్వుతుంది. పైకి ఎత్తితే పరుగెడుతుంది. మొదటిసారికి మూడు నాలుగంగుళాలు చాలని మధ్యకి పెట్టాను. హ్యాండిలు మీద బరువు వేసి తొక్కితే చేతులు పడిపోతాయి తప్ప లోతు రాదు. చిటికెన వేలికి కూడా పని లేనట్టు పట్టుకుని వెనకాల నడవాలి. వేరు తగిలి గెంతినప్పుడు బలం చూపించకుండా నొక్కిపట్టిన క్లచ్చు లీవరు వదిలేయాలి, కత్తులు ఆగుతాయి.

ఈ ముక్క ఎంత నిజమో ఎనిమిదింటికి తెలిసింది. మలుపులో రివర్సు వేశాను. కళ్లు కత్తుల మీదే ఉన్నాయి, వెనక చెట్టు ఉందని మర్చిపోయాను. వీపుకి కొబ్బరి మొద్దు తగిలింది, హ్యాండిలు పొట్టమీదికి వస్తోంది. చేతులు వాటంతటవే వదిలేశాయి, బండి నాభికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆ ముందురోజే ఒకాయన, "క్లచ్చు లీవరు ఎంతసేపు నొక్కుతారండీ, తాడుతో కట్టేయండి, ఆయ్!" అని సలహా ఇచ్చాడు. కట్టి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు చెట్ల దగ్గర రివర్సు వేయడం లేదు, క్లచ్చు వదిలి, బండిని చేత్తో తిప్పుకుంటున్నాను.

పెట్రోలు రెండున్నర లీటర్లు అయింది. మధ్యలో పోయాల్సి వస్తే ఇంజను చల్లారేదాకా మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. లుంగీ కాదు, ప్యాంటూ తోలు బూట్లూ. చెవుల్లో దూది పెట్టుకున్నా సాయంత్రందాకా హోరు తగ్గలేదు, ఇయర్‌మఫ్‌లు తెప్పించాను.

జూన్ 1

రోహిణి కార్తె. తుంగగడ్డల్ని ఎండబెట్టి చంపడానికి ఇదే అదను. టిల్లరు తుంగని చంపదు, ముక్కలు చేసి తోటంతా పంచుతుంది. పోయినసారి దున్నాక బయటపడ్డ గడ్డల్ని దంతెతో లాగితే దండకి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. రెండు గంపలు. ఎరువుగుంటలో వేయకుండా గట్టుమీది బండపై ఎండబెట్టాను.

మంగళవారం తడిపిన పదునులో ఈరోజు అడ్డసాళ్లు, ఐదారంగుళాల లోతు, పశువుల ఎరువు కలుపుతూ. మరీ పిండి చేయలేదు. మా మట్టి పిండి అయితే మొదటి వానకే అట్టకడుతుంది.

ఎంత ఏరినా పీచు ఇరుసుకి చుట్టుకుంది. ఇంజను ఆపి, ప్లగ్గు టోపీ లాగేసి, అప్పుడే కొడవలితో కోశాను. అలాగే వదిలేస్తే పీచు సీలు దాకా కోసుకుపోయి గేరాయిలు కారుతుంది.

జూన్ 15

కాలువకి నీళ్లొచ్చాయి. కంద పెట్టేశాను, కొవ్వూరు పరిశోధనా స్థానం వాళ్ల గజేంద్ర రకం, ముక్క అరకిలో పైచిలుకు, పేడనీళ్లలో ముంచి, రెండున్నర అడుగుల ఎడం. మిగిలిన మూలలో పచ్చిరొట్టకి జీలుగ చల్లాను.

టిల్లరు కడిగి, ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో ఉన్నది అయిపోయేదాకా బయటే నడిపి, షెడ్లో పెట్టాను. మూసిన షెడ్లో నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. గంటల లెక్క తలుపుమీద సుద్దతో రాశాను: ఎనిమిది. మొదటి ఆయిలు ఇరవైకి మార్చమని మాన్యువల్లో ఉంది.

సాయంత్రం బాబాయి వచ్చి కందమళ్లు చూసి, వంగి ఏదో పీకి నా చేతిలో పెట్టాడు. తుంగ మొలక, కింద గడ్డతో సహా.