వెనక సీటు కొలతలు అడిగిన మనిషి

వియన్నా దాకా సైకిల్ తొక్కి ఇల్లు చేరి మూడు రోజులైంది. తొడలు ఇంకా మాట వినడం లేదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది. అయినా ఈ నొప్పులు తగ్గేలోపే రాసేయాలని కూర్చున్నాను. నొప్పులతోపాటు కోపమూ తగ్గిపోతే మర్యాదగా రాస్తానని భయం.

మేం ఎనిమిది మందిమి. మ్యూనిక్‌లో ఉండే మేమిద్దరం, మరో రెండు తెలుగు జంటలు, విజయవాడ నుంచి వచ్చిన మా అక్క, బావగారు. అక్కకు రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రేచీకటి వచ్చింది. తర్వాత చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వచ్చి, యాభై దాటేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. తెనాలిలో నాన్నగారి పెద్ద సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుని, ఆ తర్వాత క్యారియర్ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఊరంతా డబుల్స్ తిప్పింది ఈవిడే. "మళ్లీ ఒక్కసారి సైకిలెక్కాలని ఉందే" అని ఫోనులో అంది. ఇదంతా అక్కడ మొదలైంది.

టాండెమ్ అంటే రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు ఉన్న సైకిల్. బ్రేకులు, గేర్లు, దారి తిప్పడం ముందు కూర్చున్న కెప్టెన్ చేతిలో ఉంటాయి. వెనక కూర్చునేవాళ్లను స్టోకర్ అంటారు, అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. ఆ మాట వినగానే రైల్వేలో రిటైరైన బావగారు "మా ఫైర్‌మన్ అన్నమాట" అన్నారు. వియన్నా చేరేవరకు అక్కను అలాగే పిలిచారు.

వీసా గురించి చెప్పడానికి ఏమీ లేదు, వచ్చింది. సెలవులు కూడా కుదిరాయి. ఏ దారిన వెళ్లాలన్న దగ్గర పేచీ మొదలైంది. యూరప్ అంటే స్విట్జర్లాండేనని బావగారి లెక్క. ఆయన కోసం బోడెన్‌జే సరస్సు చుట్టూ ఉన్న దారి చూశాం. సుమారు 260 కిలోమీటర్లు, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడూ తగులుతాయి. కానీ వేసవిలో అక్కడ సైకిళ్లు, నడిచేవాళ్లు, పిల్లలు తిరునాళ్లలా ఉంటారు. కొత్తగా టాండెమ్ పట్టిన నాలాంటిదాన్ని ఆ గుంపులోకి వదలకూడదు. మా ఆయన ఆల్ప్స్ దాటే వియా క్లాడియా అగస్టా అన్నారు. ఆ దారిలో రెషెన్ కనుమ 1,500 మీటర్ల ఎత్తున ఉంది. టాండెమ్ ఎక్కుడులో ఎద్దుబండి, దిగుడులో లారీ. ఆ మాట అక్కడితో ఆపించాను. నెదర్లాండ్స్‌లో పగలు సైకిల్ తొక్కి రాత్రి పడవలో పడుకునే టూర్లు బాగుంటాయి గాని, మేం అడిగిన పడవలో రెండు టాండెమ్‌లకు చోటు లేదన్నారు. రెండెందుకంటే, మా మిత్రురాలు ఒకావిడ అసలు సైకిలే నేర్చుకోలేదు.

చివరికి డాన్యూబ్ మిగిలింది. జర్మనీ సరిహద్దు ఊరు పస్సావ్ నుంచి వియన్నా వరకు 320 కిలోమీటర్లకు పైగా దారి. నది ఎటు పారితే మనమూ అటే, మొత్తం దూరానికి వాలు 150 మీటర్ల లోపే. గాలి కూడా ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కనుక వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. ఇంతవరకు ఒక ఆదివారం మధ్యాహ్నం పని. అసలు కథ టూర్ కంపెనీ దగ్గర జరిగింది.

పేరు రాయను. వెబ్‌సైటులో టాండెమ్ బొమ్మ పెద్దదిగా వేశారు. 240 యూరోలు అడ్వాన్సు కట్టాను. ఒక టాండెమ్ వారి కార్యాలయంలోనే ఉందని, వచ్చి చూసుకోమని రాస్తే, మే నెలలో ఒక శనివారం అక్కను తీసుకుని వెళ్లాను. అక్క చేతిలో తెల్లకర్ర చూడగానే అక్కడున్న పెద్దమనిషి ముఖం మారింది. కుర్చీ చూపించి నన్ను అడిగాడు: "ఆవిడకు బ్యాలన్స్ ఉంటుందా?" అక్క నా పక్కనే, మూరెడు దూరంలో ఉంది. "ఆవిడకు ఇంగ్లీషు అర్థమవుతుందా?" ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి గురించి ఆ ప్రశ్న. "ఆవిడ కాఫీ తాగుతుందా?" "తాగుతాను, పంచదార లేకుండా" అని అక్కే ఇంగ్లీషులో చెప్పింది. ఆయన తల ఊపి, నా వైపు తిరిగి "పంచదార వద్దా?" అన్నాడు.

తర్వాత ఒక కాగితం ఇచ్చాడు. టూరులో ప్రతి ఒక్కరూ తమంతట తాముగా రోడ్డు మీద సైకిల్ తొక్కగలరని సంతకం పెట్టాలట. తమంతట తాము తొక్కగలిగితే టాండెమ్ ఎందుకయ్యా అని నేను గొంతు పెంచాను. "అయితే తొక్కి చూపించండి" అన్నాడు.

పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఎండకూ మంచుకూ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్నానని ఆయనకు కాస్త గొప్పగానే చెప్పాను. చెప్పి, కార్లు నిలిపే స్థలంలో అక్కను ముందుగా వెనక సీటు ఎక్కించాను. తర్వాత రోజూ చేసినట్టే కాలు వెనక్కి విసిరి సైకిల్ ఎక్కబోయాను. వెనక ఖాళీగా ఉంటే కదా? నా బూటు నేరుగా అక్క భుజానికి తగిలింది. రెండున్నర మీటర్ల సైకిల్, ఇద్దరు ఆడవాళ్లు, అందరం కలిసి కంకరలో పడ్డాం. అక్క మోచెయ్యి గీసుకుపోయింది, నా మోకాలు చిట్లింది. ఆయన పరుగున వచ్చి ముందు సైకిల్ లేపాడు. తర్వాత అక్కను లేపాడు. లేపి, నాతో, "అందుకే అడిగాను" అన్నాడు.

పడేసింది కళ్లున్న నేను. అది ఆయనకు కనిపించలేదు. అక్క బట్టలు దులుపుకుంటూ తెలుగులో, "గుడ్డిదాన్ని నేను కదే, చూడకుండా తన్నింది నువ్వేమిటి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండు రోజుల తర్వాత ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. భద్రత దృష్ట్యా, ఆవిడ పగలంతా మా సామాను వ్యానులో ప్రయాణించి సాయంత్రం హోటల్లో మిమ్మల్ని కలుసుకోవచ్చు అని రాశారు. ధరలో మార్పు లేదు. సూట్‌కేసులతోపాటు మా అక్క! ఆ మెయిల్ అక్కకు చదివి వినిపించాలా వద్దా అని ఒక పూటంతా మథనపడ్డాను. ఇంతలో ఆమే ఫోను తీసి, అక్షరాలు పైకి చదివే ఏర్పాటుతో వినేసింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. అంతే. మర్నాడు నేను టూర్ రద్దు చేశాను. రద్దు చేసింది మీరు కనుక అడ్వాన్సు తిరిగి రాదన్నారు.

అప్పుడు పస్సావ్‌లో సైకిళ్లు అద్దెకిచ్చే ఒక చిన్న దుకాణానికి ఫోన్ చేశాను. మాట్లాడిన పెద్దావిడ నా ఉపోద్ఘాతమంతా విని, "వెనక కూర్చునేవారికి ఫోన్ ఇవ్వండి" అంది. అక్కను ఎత్తెంత, కాలి లోపలి పొడవెంత, మోకాలి నొప్పులున్నాయా, ఇంతకుముందు ఎప్పుడైనా తొక్కారా అని అడిగింది. తెనాలి సైకిల్ కథ ఇరవై నిమిషాలు నడిచింది. ఫోన్ నా చేతికి వచ్చేసరికి బేరం అయిపోయింది. ఎవరైనా టాండెమ్ టూరు చూస్తుంటే వెబ్‌సైటులో బొమ్మలు నమ్మకండి. వెనక సీటు కొలతలు అడగని చోట డబ్బు కట్టకండి.

ఇంకో రెండు మాటలు. సైకిల్‌ను వియన్నాలోనే వదిలేయనిచ్చే దుకాణం వెతకండి. నేను అడిగిన రైల్లో టాండెమ్ ఎక్కనివ్వం అన్నారు, స్టేషన్ లిఫ్టులో అది పట్టదు కూడా. హోటల్లో సైకిళ్లు ఎక్కడ పెడతారో ముందే అడగండి. ఒకచోట నేలమాళిగలో పెట్టమన్నారు, పధ్నాలుగు మెట్లు, మధ్యలో మలుపు. మగవాళ్లు నలుగురూ శవాన్ని మోసినట్టు మోశారు.

ఎక్కడం కూడా ఆ పెద్దావిడే నేర్పింది. కెప్టెన్ ముందుగా ఎక్కి, కాళ్లు ఎడంగా నేలకు ఆనించి, రెండు బ్రేకులూ బిగించి నిలబడాలి. ఆ తర్వాతే వెనకవాళ్లు. గేరు మార్చినా, గతుకు వచ్చినా, తొక్కడం ఆపినా పైకి చెప్పాలి. రెండు జతల పెడళ్లూ ఒకే గొలుసుకు కట్టిపడేసినట్టు కలిసి తిరుగుతాయి. చెప్పకుండా ఆపితే వెనకవాళ్ల మోకాళ్లు పట్టేస్తాయి. ష్లోగెన్ దగ్గర ఎడమ ఒడ్డున దారి తెగిపోయి పడవ ఎక్కాలి కనుక అక్కడ కుడి ఒడ్డునే ఉండమని పటం మీద గీత గీసి ఇచ్చింది.

ఆ ష్లోగెన్ దగ్గర డాన్యూబ్ కొండను చుట్టి దాదాపు వెనక్కి తిరుగుతుంది. అందరూ పైకెక్కి ఫోటోలు తీసుకునే చోటు. మేం పైకి ఎక్కలేదు, ఒడ్డునే తొక్కుతున్నాం. ఉన్నట్టుండి వెనక నుంచి అక్క, "ఏమే, ఎండ ఇందాక కుడి చెంప మీద ఉంది, ఇప్పుడు ఎడమ చెంప మీదకు వచ్చింది. నన్ను మళ్లీ పస్సావ్ తీసుకుపోతున్నావా?" అంది. నదే మలుపు తిరిగిందని చెప్పాను. "ఎంత పెద్ద మలుపే!" అని, ఎండ మళ్లీ కుడి చెంపకు వచ్చేవరకు మాట్లాడకుండా తొక్కింది.

ఆ 240 యూరోలు ఇంకా రాలేదు. నిన్న మళ్లీ మెయిల్ రాశాను. ఈసారి ఇంగ్లీషు అక్క దిద్దింది.