తేదీ లేని గాయం

నష్టపరిహారం దరఖాస్తులో ప్రమాదం జరిగిన తేదీ రాయవలసిన చోటికి వచ్చేసరికి నా కలం ఆగిపోయింది. పక్కనే కూర్చున్న మా పిన్నిని అడిగితే, "ఏ రోజని చెప్పనురా నాన్నా, పదకొండేళ్లుగా జరుగుతూనే ఉందిగా" అన్నది.

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గోదాముల్లో తొడిమలు తీసే పని ఈ ఊరివారందరూ చూసినదే. నేల మీద గోనెపట్టా పరుచుకొని, ఘాటు తగలకుండా ముక్కుకు గుడ్డ కట్టుకొని, ఎడమచేత్తో కాయ పట్టుకొని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమను నొక్కి తెంపుతారు. కూలి కిలోల లెక్కన వస్తుంది కనుక చేయి ఆగితే డబ్బూ ఆగుతుంది. ఒక్క కాయకు పెట్టే బలం ఎంతో కాదు, కానీ ఆ ఒక్క కదలికే రోజుకు కొన్ని వేలసార్లు, ఏళ్ల తరబడి సాగింది. ఈ పని చేసిన మా పిన్నికి మొదట నిద్రలేవగానే మణికట్టు పట్టేసేది, తర్వాత తడిబట్ట పిండలేకపోయింది, 2022 మార్చిలో, యార్డుకు కాయ ముమ్మరంగా వచ్చే రోజుల్లో, అన్నం గిన్నె చేతిలోంచి జారిపోయిన మర్నాటి నుంచి ఇక పనికి వెళ్లలేదు. బొటనవేలిని కదిలించే స్నాయువుల పైపొర వాచిపోయిందనీ, దీనిని డీ క్వెర్వెయిన్ జబ్బు అంటారనీ ఎముకల డాక్టరు చెప్పారు.

గోదాము యజమాని "రోజుకూలీకి పరిహారమేమిటి?" అన్నారు. అది నిలిచే మాట కాదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం నుంచి అడపాదడపా పనిచేసేవారిని మినహాయించే మాటలను 2000 లోనే తొలగించారు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఆ చట్టం ప్రకారం జబ్బుకు పరిహారం రావాలంటే దాని పేరు చట్టానికి జతచేసిన జబ్బుల జాబితాలో, అంటే మూడో షెడ్యూలులో ఉండాలి, లేదా ఫలానా ప్రమాదంలో తగిలిన దెబ్బ వల్లనే అది నేరుగా వచ్చిందని తేలాలి. షెడ్యూలులో సీసం, పాదరసం వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి, రొద వల్ల వచ్చే వినికిడి లోపం ఉంది, చేతులు అరిగిపోవడం మాత్రం లేదు. నన్ను ఎక్కువగా బాధించినది ఇదే: చెవి కూడా ఒక్కరోజులో పోదు. అలాంటి జబ్బులకు, మనిషి పనికి వెళ్లలేక వరుసగా ఆగిపోయిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా భావించాలని చట్టమే పదో సెక్షన్లో చెప్పింది. తేదీ లేని గాయానికి తేదీ వేయడం చట్టానికి తెలియక కాదు, షెడ్యూలులో లేని జబ్బుకు ఆ సౌకర్యం ఇవ్వలేదు.

పోగొట్టుకున్నది ఎంతో లెక్క వేశాను. నలభై అయిదేళ్ల మనిషికి నాలుగో షెడ్యూలులోని గుణకం 169.44. నెలకు 9,000 రూపాయల సంపాదనలో 60 శాతాన్ని దానితో హెచ్చించి, సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందని డాక్టరు నిర్ధారిస్తే వచ్చేది 1,82,995 రూపాయలు. వైద్యానికి అయిన ఖర్చు దీనికి అదనం.

మేము కలిసిన వకీలు ఒక ఉపాయం చెప్పారు. పిన్ని జారి టిక్కీ (మిర్చి బస్తా) మీద పడితే మణికట్టు బెణికిందని, ఒక తేదీ వేసి రాస్తే సరిపోతుందన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. "పడనిదాన్ని పడ్డానని ఎట్లా వేలిముద్ర వేసేది?" అని లేచి వచ్చేసింది. ఆమె చేసినది సరైన పనేనని ఆనాడూ అనుకున్నాను, ఈనాడూ అనుకుంటున్నాను. నిజం చెప్పినవారికి దారి మూసి, కల్పించినవారికి తెరిచే నిబంధన మారాలి.

మార్చడం కష్టమేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో, పదే పదే ఒకే కదలిక వల్ల మణికట్టు వద్ద బొటనవేలి వైపు వచ్చే ఈ స్నాయువుల వాపు కండరాల, ఎముకల జబ్బులలో మొట్టమొదటిదిగా ఉంది. మూడు నెలల ముందు గెజిట్‌లో తెలియజేసి షెడ్యూలుకు కొత్త వృత్తినీ దాని జబ్బునూ చేర్చే అధికారాన్ని 1923 చట్టం కేంద్రానికే కాక రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమలులోకి వచ్చినా, జబ్బుల జాబితా పద్ధతి అలాగే కొనసాగుతున్నది.

పిన్ని క్లెయిముకు ఉన్న రెండేళ్ల గడువు 2024 మార్చితో దాటిపోయింది. ఆమె కూర్చున్న గోనెపట్టా మీద ఇప్పుడు ఆమె కోడలు కూర్చుంటున్నది. తూకం చీటీలను, ఆస్పత్రి ఓపీ చీటీలను తేదీల వారీగా దాచిపెట్టమని ఆ అమ్మాయికి చెప్పి, ఒక ప్లాస్టిక్ కవరు కొనిచ్చాను.