మాత్ర తెచ్చిన జూదం

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు పందెం కొత్త కాదు. సంక్రాంతి మూడు రోజులూ కొబ్బరితోటల్లో బరులు కడతారు. కోడిపందేల పక్కనే గుండాట బల్లలు, కోతాట గుంపులు, చీకటి పడితే ఫ్లడ్‌లైట్లు. ఇదంతా మా ఇంటికి కూతవేటు దూరంలో జరిగినా యాభై ఏళ్ళపాటు నాకు ఒక్కసారీ అటు మనసు లాగలేదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళందరూ పేక పట్టుకుని కూర్చుంటే నేను కాసేపు ముక్కలు పంచి వంటలవైపు లేచి వెళ్ళిపోయేదాన్ని. అలాంటి నేను, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని, తెల్లవారుజామున దోమతెరలో దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో డబ్బు పెట్టి రమ్మీ ఆడాను. ఏడాది పైగా ఆడాను. దాని మూలం నేను పూటపూటా వేసుకునే మాత్రలో ఉందని తెలిసేసరికి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. బోర్డు మీద లెక్క చేస్తుంటే పంక్తి చివరికి వచ్చేసరికి నా అంకెలు చిన్నవైపోయేవి. వెనక బెంచీ పిల్లలు "కనపడట్లేదండీ మేడం" అనేవారు. కళ్ళజోడు మార్చుకోమన్నాను వాళ్ళని. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదని మా ఆయన గమనించారు. ఎండు రొయ్యలు వేగుతుంటే వీధి చివరికి వచ్చే వాసన నాకు పొయ్యి దగ్గర కూడా తెలిసేది కాదు. ఇవన్నీ పార్కిన్సన్స్ తొలి గుర్తులని అప్పుడు మాకేం తెలుసు? వణుకు జబ్బంటే ముసలివాళ్ళకి వచ్చేదనుకున్నాం. 2021లో నరాల డాక్టరు ఖాయం చేసేనాటికి నాకు ఇంకా యాభై నిండలేదు.

వయసు తక్కువని ఆయన ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపా కొద్దిగా ఇచ్చి, దాంతోపాటు ప్రమిపెక్సోల్ అనే మాత్ర రాశారు. లెవోడోపా ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే ఒళ్ళు దానంతటదే మెలికలు తిరిగే ఇబ్బంది రావచ్చు. అందుకే చిన్నవయసు వాళ్ళకి ఈ రెండో రకం మాత్రలతో ఆ మోతాదు తగ్గించి నెట్టుకొస్తారు. ఆ ఆలోచనలో తప్పు లేదు. వికారం ఉంటుందని, నిద్ర ముంచుకొస్తుందని, కాళ్ళు వాయచ్చని చెప్పారు. జూదం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే మా కథ వేరేగా ఉండేది. ఇది ఈరోజుకీ నాకు కోపంగానే ఉంది.

మాత్ర బాగా పనిచేసింది. సుద్దముక్క నా మాట విన్నది. చీరకు పిన్ను నేనే పెట్టుకోగలిగాను. మోతాదు పెంచుతూ పోయారు, నేను కూడా అడిగి పెంచించుకున్నాను. కొన్నాళ్ళకి ఎక్కడలేని హుషారు వచ్చింది. అర్ధరాత్రి లేచి వంటింట్లో స్టీలు డబ్బాలన్నీ దించి, తుడిచి, వరసలు మార్చి మళ్ళీ సర్దేదాన్ని. ఆత్రేయపురం పూతరేకులు ఎవరైనా తెస్తే డబ్బా ఖాళీ అయ్యేదాకా తినేదాన్ని. ఆన్‌లైన్లో చీరలు వచ్చి పడేవి. మా అత్తగారు "కోడలు కోలుకుంది" అని సంబరపడ్డారు. ఇంట్లో అందరికీ అది ఆరోగ్యంలాగే కనిపించింది, నాకూ అంతే.

రమ్మీ అలాంటి రోజుల్లోనే వచ్చింది. పండక్కి వచ్చిన మా మరిది కొడుకు ఫోన్లో ఉత్తుత్తి చిప్పులతో ఆడటం నేర్పించాడు. వాడు వెళ్ళిపోయాడు, ఆట ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని 2020లోనే నిషేధించారు. అయినా దొడ్డిదారి యాప్‌లు ఉండనే ఉన్నాయి, అవి ఫోన్లోకి రావడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. పాయింటుకు పావలా బల్లతో మొదలైంది. పదమూడు ముక్కల్లో సీక్వెన్స్ కుదరకుండా అవతలివాడు ముక్కలన్నీ కలిపి షో చేస్తే 80 పాయింట్లు పోతాయి, అంటే ఇరవై రూపాయలు. ఆట మొదట్లోనే డ్రాప్ కొట్టి తప్పుకుంటే 20 పాయింట్లు. పాయింటుకు పది రూపాయల బల్ల మీద అదే 80 పాయింట్లు ఎనిమిది వందలు. రెండు నిమిషాల ఆట. రాత్రి పది నుంచి తెల్లారేదాకా అలాంటివి ఎన్ని ఆడొచ్చో లెక్క కట్టడం నాకు చేతకాక కాదు. సంభావ్యత పాఠం పదో తరగతికి నేనే చెబుతాను. పొద్దున క్లాసులో చెప్పిన పాఠం రాత్రి నా వేలిని ఆపలేదు.

ఇందులో నాకొక వాదన కూడా దొరికింది. రమ్మీలో ప్రధానంగా ఉండేది నైపుణ్యమేనని 1967లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే. నేను నైపుణ్యంతో ఆడుతున్నాను కాబట్టి ఇది జూదం కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. తెరమీద అవతల ఉన్నది ఎవరో, అసలు మనిషో కాదో కూడా తెలియని ఆటకు ఆ తీర్పు వర్తిస్తుందా అన్న ప్రశ్న నాకు రాలేదు.

ఒక్క ముక్క తేడాతో పోయిన ఆట గెలిచినదానికన్నా ఎక్కువగా పట్టుకునేది. పోయినది రాబట్టాలన్న ఆత్రం లోపల రగులుతూనే ఉండేది. ఈ దశలోనే మనిషి మునిగిపోతాడు. జీతం పడిన వారంలో ఖాళీ. ఏపీజీఎల్ఐ, అంటే ప్రభుత్వోద్యోగుల జీవిత బీమా మీద లోను. చీటీ పాట నష్టానికి పాడి తెచ్చిన డబ్బు. తర్వాత మా అమ్మ పెట్టిన గాజులు తాకట్టు. చివర్లో లోను యాప్‌లు. వాళ్ళు నా ఫోన్లో ఉన్న నంబర్లకి మెసేజీలు పెడతామని బెదిరించేవారు, వాటిలో మా హెడ్‌మాస్టరు గారి నంబరూ పిల్లల తల్లిదండ్రుల నంబర్లూ ఉన్నాయి. ఇంట్లో ఏమడిగినా అబద్ధం సిద్ధంగా ఉండేది. స్కూలు ఖర్చులన్నాను, తోటి టీచరుకు సాయమన్నాను. అబద్ధం ఆడుతున్నప్పుడు సిగ్గు కూడా వేసేది కాదు. అదే నాకు ఇప్పటికీ భయం వేసే విషయం, ఎందుకంటే నేను అలాంటి మనిషిని కాను.

"ఈ ఆటలో ఆర్థిక నష్టం ఉండవచ్చు, వ్యసనంగా మారవచ్చు, బాధ్యతగా ఆడండి" అని ప్రకటన చివర గుక్క తిప్పుకోకుండా చదివేవారు గుర్తుందా? రోజుకింత అని హద్దు పెట్టుకోవడం, పోయినదాని వెంట పరిగెత్తకపోవడం, అప్పు చేసి ఆడకపోవడం, ఇవన్నీ మంచి మాటలే. ఆరోగ్యంగా ఉన్న బుర్రకు పనికొస్తాయి. ఆపమని చెప్పే భాగమే పనిచేయని మనిషికి ఆ హెచ్చరిక చదివి వినిపించి, బాధ్యత తీరిందనుకోవడం న్యాయం కాదు.

మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ ముందురోజు గాజుల సంగతి బయటపడింది. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు. మంచం పక్కన కూర్చుని, "ఎవరికైనా ఇచ్చావా? ఎవరైనా బెదిరిస్తున్నారా? చెప్పు, నేనున్నాను కదా," అన్నారు. ఫోన్ తీసి ఇచ్చేశాను. ఆయన చాలాసేపు ఆ లెక్కలు చూస్తూ ఉండిపోయారు. "ఇదంతా నువ్వేనా?" అని మాత్రం అడిగారు.

ఆ తర్వాత ఊళ్ళో, బంధువుల్లో మాటలు మామూలే. టీచరమ్మకి ఇదేం బుద్ధి అన్నారు. ఎవరో చేతబడి అన్నారు. దారి చూపించింది మా చెల్లెలి కూతురు, కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. "పెద్దమ్మా, నువ్వేం మాత్రలు వేసుకుంటున్నావ్? మందుల చీటీ ఫొటో పెట్టు," అంది. అరగంటలో ఫోన్ చేసి ఏడ్చేసింది. "పెద్దమ్మా, ఇది నువ్వు కాదు. కానీ రేపు డాక్టర్ని కలిసేదాకా మాత్ర ఆపకు," అంది.

కాకినాడలో మరో నరాల డాక్టరుకు చూపించాం. ఆవిడ మా కథ పూర్తిగా వినకముందే చీరలు, తిండి, రాత్రిళ్ళు డబ్బాలు సర్దడం గురించి వరసగా అడిగారు. నేను చెప్పనివి ఆవిడకి ఎలా తెలుసని మా ఆయన తెల్లబోయారు. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు పోతాయి. కదలికలు నడిపే భాగంలో కరువు ఎక్కువ. ఆశ, ఉత్సాహం, బహుమతి కోసం తహతహ, వీటిని నడిపే భాగంలో డోపమిన్ జబ్బు మొదట్లో అంతగా తగ్గదు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు డోపమిన్ బదులు పనిచేస్తాయి, అందులోనూ ఆ రెండో భాగంలో ఎక్కువగా ఉండే గ్రాహకాలనే, అంటే డోపమిన్ వచ్చి అతుక్కునే చోట్లనే గట్టిగా పట్టుకుంటాయి. మా డెల్టావాళ్ళకు నేను ఇలా చెబుతాను: కాలువ శివారు చేలకు నీరు అందాలని లాకులు మరీ ఎత్తేస్తే ఎగువ చేలు మునుగుతాయి. నా చేతికి నీరు అందింది, బుద్ధి మునిగింది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ రకం మాత్రలు వేసుకునేవాళ్ళలో 17.1 శాతం మందికి జూదం, విపరీతమైన కొనుగోళ్ళు, తిండి, లైంగిక వాంఛ వీటిలో ఏదో ఒకటి అదుపు తప్పింది. వేసుకోనివాళ్ళలో అది 6.9 శాతం. నూటికి పదిహేడు మంది. చీటీ రాసే చేయి ఒక్క నిమిషం ఆగి చెప్పాల్సినంత పెద్ద అంకె అది. ఇవే మాత్రలు రాత్రిళ్ళు కాళ్ళు గుంజే జబ్బుకి కూడా రాస్తారు, అక్కడ కూడా ఇలాంటివి జరిగాయి.

మాత్ర తగ్గించడం తేలిక అనుకోకండి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, కొంచెం కొంచెంగా దించుతూ లెవోడోపా పెంచారు. ఆ నెలలు నా జీవితంలో అన్నిటికన్నా గడ్డువి. ఊరికే చెమటలు, గుండెదడ, ఒళ్ళంతా నొప్పులు, ఏదో ముంచుకొస్తోందన్న టెన్షన్. ఏ పనీ చేయాలనిపించేది కాదు. బతకడం దండగన్న ఆలోచనలు కూడా వచ్చాయి, వాటిని దాచకుండా డాక్టరుకు చెప్పాం. ఈ రకం మాత్ర మానేటప్పుడు కొందరికి ఇలా అవుతుందట. అదే సమయంలో చెయ్యి మళ్ళీ బిగుసుకుంది, వణుకు పెరిగింది. ఒకదాన్ని కాపాడుకోవడానికి ఇంకొకటి కొంత వదులుకున్నాం. ఇప్పటికీ బోర్డు మీద అంకెలు చిన్నవిగానే వస్తాయి, పెద్ద లెక్కలు పిల్లల చేత రాయిస్తాను.

మోతాదు సగానికి దిగాక ఒకరోజు సాయంత్రం గమనించాను, పొద్దుటినుంచి రమ్మీ గుర్తుకే రాలేదు. అలాగని పూర్తిగా పోలేదు. డబ్బు చేతికి వస్తే లోపల ఏదో కదిలేది. అందుకు మానసిక వైద్యురాలి దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్నాను. కోరిక వచ్చినప్పుడు దానితో కొట్లాడకుండా కాసేపు వాయిదా వేయడం, ఎప్పుడు ఏ వేళలో వస్తోందో రాసుకోవడం నేర్పించారు. నాకు అది రాత్రి మందు వేసుకున్న గంటకు వచ్చేది, ఆ వేళకి మా అత్తగారి గదిలో పడుకోవడం మొదలుపెట్టాను. యూపీఐ తీసేశాం. జీతం ఖాతా మా ఆయన చూస్తారు. బటన్ ఫోన్ వాడుతున్నాను. అప్పులు కొబ్బరి దింపుల డబ్బుతో ఇంకా తీరుతూనే ఉన్నాయి.

మాత్రలు లేకుండా ఇదే ఊబిలో ఉన్నవాళ్ళు ఎంతోమంది, రొయ్యల చెరువు మేత డబ్బు క్రికెట్ బెట్టింగ్‌లో పోగొట్టుకున్న కుర్రాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ళకి తగ్గించడానికి మోతాదు లేదు, అందుకని వాళ్ళది జబ్బు కాకుండా పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూద వ్యసనం మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసనే ఉంది. మా డాక్టరు వాడే రెండు ప్రశ్నలు ఎవరింట్లోనైనా అడగొచ్చు: పందెం మొత్తం అంతకంతకూ పెంచాలనిపించిందా? ఎంత ఆడుతున్నారో ఇంట్లోవాళ్ళ దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చూపించాలి. ఊళ్ళో తెలిసిపోతుందని భయమైతే టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2025 ఆగస్టులో దేశమంతటికీ డబ్బు ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకుల చెల్లింపులను ఆపేస్తూ చట్టం వచ్చింది. నాకు సంతోషం. కాని చట్టం యాప్‌ను ఆపుతుంది, తహతహను ఆపదు.

పార్కిన్సన్స్‌కి మాత్ర మొదలుపెడుతుంటే, లేక ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, చీటీలో పేర్లు చదవండి. కొత్తగా ఏ అలవాటు మొదలైనా, అది మంచి హుషారులా కనిపించినా సరే, డాక్టరుకు చెప్పండి. సొంతంగా మాత్ర ఆపకండి. మా డాక్టరమ్మ ఇప్పుడు వెళ్ళిన ప్రతిసారీ ముందు నన్ను చూస్తారు, తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి మా ఆయన్ని విడిగా లోపలికి పిలిచి జూదం సంగతి అడుగుతారు. మొదటిసారి నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు ఆవిడ మరిచిపోతే నేనే గుర్తుచేస్తాను.